39 ఎపిసోడ్ల కాపురం: ‘ది హనీమూనర్స్’ ఎందుకు ఆగిపోయింది, ఎలా మిగిలిపోయింది

క్లుప్తంగా: ‘ది హనీమూనర్స్’ను అమెరికాలో సీబీఎస్ ఛానల్ 1955 అక్టోబరు 1 నుంచి 1956 సెప్టెంబరు 22 దాకా ప్రసారం చేసింది. చాలీచాలని జీతాలతో నెట్టుకొచ్చే రెండు జంటల కథ అది. రెండేళ్లకు ఒప్పందం ఉన్నా ఏడాదికే ముగిసింది. రేటింగులు పడిపోవడం, మంచి కథలు ఇక దొరకవన్న అనుమానం కలిసి దాన్ని ఆపాయి. ఆగిన తర్వాత కూడా అది దశాబ్దాల పాటు జనం మధ్య ఉండటానికి ముఖ్య కారణం మాత్రం దాన్ని ఫిల్ము మీద తీయడం.

2024 జనవరిలో జాయిస్ రాండాల్ఫ్ 99 ఏళ్ల వయసులో చనిపోయారు. ‘ది హనీమూనర్స్’లోని రెండో జంటలో భార్య ట్రిక్సీ నార్టన్ పాత్ర వేసిన నటిగానే లోకం ఆమెను గుర్తు చేసుకుంది. ఆ పాత్రను ఆమె వదిలేసి అప్పటికే 60 ఏళ్లు దాటింది. ‘ది హనీమూనర్స్’ నలుగురు ముఖ్య నటుల్లో చివరిదాకా మిగిలింది ఆమే. జాకీ గ్లీసన్ 1987లో, ఆడ్రీ మెడోస్ 1996లో, ఆర్ట్ కార్నీ 2003లో వెళ్లిపోయారు.

ఈ కార్యక్రమం గురించి తెలుసుకుందామని వెతికేవాళ్లకు మొదట ఎదురయ్యేది గందరగోళమే. ఒకచోట 39 ఎపిసోడ్లే అని ఉంటుంది. ఇంకోచోట 1951లో మొదలైందని, మరోచోట 1970 దాకా నడిచిందని కనిపిస్తుంది. ఒకరు రద్దు చేశారంటారు, ఒకరు వాళ్లే ఆపేశారంటారు. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. అప్పటి టీవీ ఎలా పనిచేసేదో తెలిస్తే ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోతాయి.

స్కెచ్ వేరు, ధారావాహిక వేరు

కథ 1951 అక్టోబరు 5న మొదలైంది. అప్పుడది ధారావాహిక కాదు. డ్యూమాంట్ అనే నెట్‌వర్క్‌లో ‘కావల్‌కేడ్ ఆఫ్ స్టార్స్’ అనే వెరైటీ షో వచ్చేది. పాటలు, డాన్సులు, మధ్యమధ్య చిన్న హాస్య నాటికలు ఉండేవి. ఆ షోను నడిపే జాకీ గ్లీసన్ తన రచయితలతో కలిసి ఒక కోపిష్టి భర్త, అతనికి ఏమాత్రం జంకని భార్య ఉన్న చిన్న స్కెచ్ తయారు చేశారు. మొదటిది ఆరు నిమిషాల నాటిక. భర్త రాల్ఫ్ క్రామ్‌డెన్‌గా గ్లీసన్, భార్య ఆలిస్‌గా పెర్ట్ కెల్టన్ వేశారు. కిటికీలోంచి విసిరిన పిండి మీదపడ్డ పోలీసుగా ఆర్ట్ కార్నీ కాసేపు కనిపించారు. కొద్ది రోజులకే ఆయన పై అంతస్తులో ఉండే స్నేహితుడు ఎడ్ నార్టన్‌గా స్థిరపడ్డారు.

1952లో సీబీఎస్ గ్లీసన్‌ను ఎక్కువ డబ్బిచ్చి తీసుకుంది. కొత్త షోలోకి పెర్ట్ కెల్టన్ రాలేదు. అనారోగ్యం అని బయటికి చెప్పారు. అసలు సంగతి ఆమె పేరు బ్లాక్‌లిస్టుకు ఎక్కడం. కమ్యూనిస్టు సానుభూతిపరులన్న అనుమానంతో కళాకారులకు పనిలేకుండా చేసిన రోజులవి. ఆమె స్థానంలో ఆడ్రీ మెడోస్ వచ్చారు. ఆమె మరీ చిన్నగా, అందంగా ఉందని గ్లీసన్ మొదట వద్దన్నారట. తర్వాత ఆమె పొద్దున్నే లేచి, మేకప్ లేకుండా, చెదిరిన జుట్టుతో ఫొటోలు తీయించుకుని పంపారు. ఆ ఫొటోలు చూసి ఆలిస్ ఈమేనని ఒప్పుకున్నారని అందరూ చెప్పుకునే కథ.

1952 నుంచి 1955 దాకా ఈ జంటలు గంట నిడివి లైవ్ షోలో ఒక భాగంగానే వచ్చాయి. కొన్ని వారాలు పది నిమిషాలు, కొన్ని వారాలు అరగంట దాటేది. జనం ఆ నాటిక కోసమే షో చూస్తున్నారని తేలాక, 1955లో దాన్ని విడిగా అరగంట ధారావాహికగా తీశారు. అభిమానులు ‘క్లాసిక్ 39’ అనేది ఆ ఒక్క సీజన్‌నే. దానికి ముందు వచ్చినవి, తర్వాత వచ్చినవి వెరైటీ షోలోని నాటికలు. సంఖ్యలు కలగాపులగం కావడానికి కారణం ఇదే.

ఒక్క గది

ఈ ధారావాహికను మొదటిసారి చూసేవారికి ముందుగా కొట్టొచ్చినట్టు కనిపించేది ఆ ఇల్లు. ఇల్లంటే ఒక గది. మధ్యలో చెక్క బల్ల, రెండు మూడు కుర్చీలు, ఒక సొరుగుల బల్ల, పొయ్యి, సింకు, మంచుగడ్డ పెట్టి వాడే పాతకాలపు ఐస్ పెట్టె. కిటికీ బయట గోడలు, బట్టల తీగలు. గోడకు బొమ్మలు లేవు, కిటికీకి కర్టెన్ లేదు. 1955 నాటి అమెరికా టీవీలో పచ్చిక పరిచిన ముంగిళ్లు, మెరిసే వంటిళ్లు, టై కట్టుకుని ఆఫీసు నుంచి వచ్చే నాన్నలు ఎక్కువవుతున్న రోజుల్లో ఇంత బోసిగా ఉన్న గదిని వారం వారం చూపించడం మామూలు సంగతి కాదు.

రాల్ఫ్ బస్సు డ్రైవర్. వారానికి 62 డాలర్ల జీతం. నార్టన్ నగరం మురుగు కాలువల్లో పనిచేస్తాడు. భార్యలిద్దరూ ఇంట్లోనే ఉంటారు. ఎవరికీ పిల్లలు లేరు. ఇంటి అడ్రసు 328 చాన్సీ స్ట్రీట్, బ్రూక్లిన్. ఇది ఊహించి పెట్టింది కాదు, చిన్నప్పుడు గ్లీసన్ ఉన్న అడ్రసే. 1916లో పుట్టిన గ్లీసన్‌కు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. అన్న అప్పటికే చనిపోయాడు. తల్లి సబ్‌వేలో చిల్లర ఇచ్చే ఉద్యోగం చేసి పెంచింది. గ్లీసన్‌కు 19 ఏళ్లప్పుడు ఆమె కూడా పోయింది. ఆ గదిలోని బోసితనం సెట్టు వేసినవాళ్ల పిసినారితనం వల్ల వచ్చింది కాదని ఈ నేపథ్యం చెబుతుంది.

కథల నడక కూడా ఆ గదిలోంచే పుడుతుంది. రాల్ఫ్‌కు ఒక్కసారిగా డబ్బు సంపాదించాలన్న ఆశ. ప్రతి ఎపిసోడ్‌లో ఏదో ఒక పథకం. ఆలిస్ ఇది కుదరదని మొదటే చెబుతుంది. నార్టన్ తోడవుతాడు. పథకం బోల్తా పడుతుంది. మొదటి ఎపిసోడ్‌లో రాల్ఫ్, నార్టన్ డబ్బులు కలిపి ఒక టీవీ కొంటారు, దాన్ని రాల్ఫ్ ఇంట్లో పెట్టి, ఎవరు ఏది చూడాలని కొట్టుకుంటారు. ఇంట్లో టీవీ పెట్టుకోవడానికి ఇద్దరు జీతగాళ్లు చందాలు వేసుకోవాల్సి వచ్చిందన్నదే కథకు ప్రాణం.

ఇంకో ఎపిసోడ్ రచనా పద్ధతిని బాగా చూపిస్తుంది. రాల్ఫ్ ఒక క్విజ్ షోలో పాటల గురించిన ప్రశ్నలకు సిద్ధమవుతుంటాడు. నార్టన్ పియానో మీద పాటలు వాయించి చూపించాలి. అతనికో అలవాటు, ఏ పాట మొదలుపెట్టబోయినా ముందు ఒకే ఒక పాత పాట పల్లవి వాయించి గానీ అసలు పాటలోకి రాడు. విని విని రాల్ఫ్ విసుక్కుంటాడు. అన్ని పాటలూ కంఠస్థం చేస్తాడు. షోలో మొదటి ప్రశ్నే ఆ పాత పాట రాసిందెవరని. రాల్ఫ్‌కు అదొక్కటే తెలియదు, రాసింది ఎడ్ నార్టన్ అని చెబుతాడు. నవ్వు కోసం అరగంట ముందే విత్తనం నాటి, మధ్యలో అయిదారుసార్లు నీళ్లు పోసి, చివర్లో కోశారు. ఇలాంటి కథను వారానికొకటి చొప్పున రాయడం ఎంత కష్టమో ఆలోచిస్తే, ఈ ధారావాహిక ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

బ్యూక్‌తో బేరం

ఆ రోజుల్లో అమెరికా టీవీలో కార్యక్రమం యజమాని చాలాసార్లు ఛానల్ కాదు, స్పాన్సర్. సబ్బుల కంపెనీయో, సిగరెట్ల కంపెనీయో కార్యక్రమం ఖర్చు మొత్తం భరించేది, అందులో ప్రకటనలన్నీ దానివే ఉండేవి. ‘ది హనీమూనర్స్’ను జనరల్ మోటార్స్ కార్ల విభాగం బ్యూక్ తీసుకుంది. రెండేళ్లలో 78 ఎపిసోడ్లు, కావాలంటే మూడో ఏడు మరో 39. మొత్తం విలువ కోటీ 10 లక్షల డాలర్లు. టీవీలో అప్పటిదాకా కుదిరిన అతి పెద్ద ఒప్పందాల్లో ఒకటిగా దాని గురించి చెప్పుకున్నారు.

39 అన్న సంఖ్యకు ఒక లెక్క ఉంది. ఏడాదికి 52 వారాలు. వేసవిలో 13 వారాలు పాతవి వేస్తారు లేదా వేరే కార్యక్రమం పెడతారు. మిగిలినవి 39. ఇప్పటి అమెరికా ఛానళ్లలో 22 ఎపిసోడ్లే నిండు సీజన్, ఓటీటీల్లో 8 లేదా 10 వస్తే పూర్తి సీజన్ అంటున్నారు. ఆ లెక్కన ఒక్క సీజనే నడిచిన ‘ది హనీమూనర్స్’ ఇప్పటి ఓటీటీల్లో దాదాపు నాలుగు సీజన్లంత ఉంటుంది. సీజన్ల సంఖ్య పోల్చేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు.

ఎపిసోడ్‌కు 65,000 డాలర్లు గ్లీసన్ చేతికి వచ్చేవి. అందులోంచే నటులకు, రచయితలకు, ఫిల్ముకు, థియేటర్‌కు అన్నీ ఆయనే కట్టాలి. అంటే ఆయన ఒకేసారి ముఖ్య నటుడు, నిర్మాత, కాంట్రాక్టరు. కార్నీకి వారానికి 3,500, మెడోస్‌కు 2,000, రాండాల్ఫ్‌కు 500 డాలర్లు ఇచ్చారని లెక్కలు చెబుతాయి. నాలుగు ముఖ్య పాత్రల్లో ఒకరి జీతానికీ మరొకరి జీతానికీ ఏడు రెట్ల తేడా ఉంది. తర్వాతి కాలంలో ఎవరికి ఏం మిగిలిందన్నది కూడా ఈ ఒప్పందాల మీదే ఆధారపడింది.

కెమెరా చేసిన మేలు

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

1950ల మొదట్లో టీవీ అంటే లైవ్. నటులు నటిస్తుండగానే ఇళ్లకు చేరేది, అక్కడితో అయిపోయేది. వీడియో టేపు ఇంకా రాలేదు. దాచుకోవాలంటే ఉన్న దారి కినెస్కోప్. అంటే స్టూడియోలో ఒక టీవీ తెర పెట్టి, దానికి ఎదురుగా ఫిల్మ్ కెమెరా నిలబెట్టి, తెర మీద బొమ్మను మళ్లీ ఫొటో తీసినట్టు తీయడం. బొమ్మ మసకగా, అంచులు కరిగినట్టు వచ్చేది. వేరే ఊరి స్టేషన్‌కు పంపడానికి అది సరిపోయేది. ఏళ్ల తర్వాత మళ్లీ చూపించడానికి మాత్రం ఎవరూ ఇష్టపడేవారు కాదు. అందుకే చాలా కినెస్కోపులను పారేశారు. గ్లీసన్ మొదట పనిచేసిన డ్యూమాంట్ నెట్‌వర్క్ 1956లో మూతపడింది, దాని కార్యక్రమాల్లో అత్యధిక భాగం ఇప్పుడు ఎక్కడా లేవు. ఆ రీళ్లను న్యూయార్క్ దగ్గర నీళ్లలో పారబోశారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో జరిగిన ఒక విచారణలో చెప్పారు.

రెండో దారి సినిమాలాగా నేరుగా ఫిల్ము మీద తీయడం. ‘ఐ లవ్ లూసీ’ 1951 నుంచి అలాగే వచ్చింది. మూడు 35 ఎంఎం కెమెరాలు, ఎదురుగా ప్రేక్షకులు. ఖర్చు ఎక్కువని సీబీఎస్ గొణిగితే, లూసీల్ బాల్, డెసీ అర్నాజ్ దంపతులు జీతం తగ్గించుకుని ఫిల్ముల హక్కులు తమ దగ్గర పెట్టుకున్నారు. టీవీ చరిత్రలో అంత తెలివైన బేరాలు తక్కువ.

‘ది హనీమూనర్స్’ పట్టింది మూడో దారి. డ్యూమాంట్ కంపెనీ తయారు చేసిన ఎలక్ట్రోనికామ్ అనే యంత్రం. ఒకే కటకంలోంచి వచ్చే వెలుతురును రెండుగా చీల్చి, ఒక పాయను టీవీ కెమెరాకు, రెండో పాయను ఫిల్ముకు పంపేది. డైరెక్టరు లైవ్ షోలో లాగానే మానిటర్లు చూస్తూ ఏ కెమెరా ఎప్పుడు అన్నది అక్కడికక్కడ నిర్ణయించేవాడు. తర్వాత ఆ నిర్ణయాల ప్రకారం ఫిల్మును కత్తిరించి అతికేవారు. నాటకంలోని వేడి పోదు, సినిమాలోని స్పష్టత వస్తుంది.

న్యూయార్క్‌లోని అడెల్ఫీ థియేటర్‌లో దాదాపు వెయ్యి మంది ముందు, మంగళ, శుక్రవారాల్లో, వారానికి రెండు ఎపిసోడ్లు తీశారు. గ్లీసన్‌కు రిహార్సల్ అంటే గిట్టదు. పదేపదే చేస్తే హాస్యం చచ్చిపోతుందని ఆయన నమ్మకం. తోటి నటులు మాత్రం ఆయన లేకుండానే కూర్చుని చదువుకునేవారు. ఆపి మళ్లీ తీయడం చాలా అరుదు. మాట మర్చిపోతే పక్కవాళ్లు అందుకునేవారు. గ్లీసన్ పొట్ట తట్టుకుంటే మాట గుర్తు రాలేదని సంకేతమని తోటివాళ్లకు తెలుసు. ఇప్పుడు చూసినా ఆ ఎపిసోడ్లలో ఏదో ఒక క్షణంలో అంతా కూలిపోవచ్చన్న బిగువు కనిపిస్తుంది. అది నటించి తెచ్చింది కాదు.

ఎలక్ట్రోనికామ్ ఆయుష్షు కూడా అంతంతే. 1956 ఏప్రిల్‌లో ఆంపెక్స్ కంపెనీ వీడియో టేపు యంత్రాన్ని చూపించింది. అదే ఏడాది నవంబరులో సీబీఎస్ దాన్ని వార్తలకు వాడింది. దాంతో ఎలక్ట్రోనికామ్‌కు పనిలేకుండా పోయింది. ఇంకో రెండేళ్లు ముందు మొదలై ఉంటే ఈ ధారావాహిక కినెస్కోపుల పాలయ్యేది. రెండేళ్లు ఆలస్యమై ఉంటే టేపుకు ఎక్కేది. ఖరీదైన ఆ తొలి టేపులను చెరిపేసి మళ్లీ వాడుకోవడం మామూలు. సరిగ్గా ఆ సందులో పడటం వల్లే 39 ఎపిసోడ్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

చూసేవాళ్లు ఎందుకు తగ్గారు

మొదట్లో ‘ది హనీమూనర్స్’ దేశంలో రెండో స్థానంలో ఉంది. సీజన్ ముగిసేసరికి 19కి జారింది. ఇప్పటి లెక్కల్లో 19వ స్థానం గొప్పే. అప్పుడు అంత ఖరీదైన ఒప్పందానికి అది దెబ్బ.

పోటీగా ఎన్‌బీసీలో గాయకుడు పెర్రీ కోమో గంట కార్యక్రమం శనివారం రాత్రి 8కి మొదలయ్యేది. సీబీఎస్‌లో అదే 8 గంటలకు గ్లీసన్ సంస్థే తీసిన ‘స్టేజ్ షో’ అనే సంగీత కార్యక్రమం, ఆ తర్వాత 8:30కి ‘ది హనీమూనర్స్’. ‘స్టేజ్ షో’ పెద్దగా ఆకట్టుకోలేదు. ఎల్విస్ ప్రెస్లీ మొదటిసారి దేశమంతటికీ టీవీలో కనిపించింది 1956 జనవరి 28న అందులోనే, కానీ అప్పటికి ఆయన పేరు చాలామందికి తెలియదు. 8 గంటలకు కోమో పాటలు పెట్టుకున్న కుటుంబం 8:30కి లేచి ఛానల్ మార్చాలి. రిమోట్ ఇంకా చాలా ఇళ్లలోకి రాలేదు. సగం నడుస్తున్న గంట కార్యక్రమాన్ని మధ్యలో వదిలి వెళ్లేవాళ్లు తక్కువ. ఈ తప్పు అర్థమై 1956 మొదట్లో రెండింటి వేళలను తారుమారు చేశారు. అప్పటికే అలవాటు మారిపోయింది.

ఇంకో కారణం గ్లీసన్ అభిమానుల్లోనే ఉంది. అంతకు ముందు గంట లైవ్ షోలో ఆయన అరడజను వేషాలు వేసేవాడు. డాన్సర్లు, పెద్ద ఆర్కెస్ట్రా, అతిథులు ఉండేవారు. రాల్ఫ్, ఆలిస్ ఆ విందులో అందరికీ ఇష్టమైన ఒక వంటకం. దాన్నొక్కదాన్నే వారం వారం వడ్డించేసరికి కొందరికి మొహం మొత్తింది. గదీ అదే, గొడవా అదే, నలుగురూ వాళ్లే. ఒకసారి చూసి వదిలేసే ప్రేక్షకుడికి ఇది లోపంగా తోచింది. తర్వాత పదిసార్లు చూసినవాళ్లకు అదే బలమైంది.

రద్దా, విరమణా?

1956లో గ్లీసన్ తనంతట తానే రెండో ఏడాది వద్దనుకున్నారు. ఈ స్థాయి రచనను నిలబెట్టలేమని, ఆ కార్యక్రమం మీద తనకున్న ఇష్టం దాన్ని చవకబార్చనివ్వదని ఆయన చెప్పిన కారణం. ఒప్పందంలో ఇంకా లక్షల డాలర్లు రావాల్సి ఉన్నా వదిలేశారు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. అలాగని రేటింగులకు దీనితో సంబంధం లేదనీ అనలేం. బ్యూక్ సంతోషంగా ఉండి, కార్యక్రమం రెండో స్థానంలోనే ఉంటే నిర్ణయం ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. ఆ సెప్టెంబరులోనే గ్లీసన్ మళ్లీ గంట లైవ్ షోకు వెళ్లారు, క్రామ్‌డెన్ జంట మళ్లీ అందులో నాటికగా వచ్చింది. 1960ల్లో మయామీ బీచ్ నుంచి వేరే నటీమణులతో రంగుల్లో, పాటలతో కూడా వచ్చింది. కాబట్టి పాత్రలు ఆగలేదు, వాటిని చూపించిన ఒక రూపం ఆగింది. రద్దు అన్న మాట ఇక్కడ సరిగ్గా అతకదు.

ఎనిమిది వారాలకోసారి

గ్లీసన్ 39 ఎపిసోడ్ల ఫిల్ములను సీబీఎస్‌కు 15 లక్షల డాలర్లకు అమ్మేశారు. అప్పటికి మంచి ధర. సీబీఎస్ వాటిని దేశంలోని స్థానిక స్టేషన్లకు అద్దెకిచ్చింది. ఈ పద్ధతినే సిండికేషన్ అంటారు. న్యూయార్క్‌లో ఛానల్ 11గా పేరున్న డబ్ల్యూపీఐఎక్స్ దశాబ్దాల పాటు రాత్రిపూట వేసింది. కొత్త సంవత్సరం ముందు రాత్రి వరసగా వేయడం ఒక ఆచారమైపోయింది.

సిండికేషన్ వ్యాపారంలో తర్వాత ఒక నియమం స్థిరపడింది. వారానికి అయిదు రోజులు వేయాలంటే కనీసం వంద ఎపిసోడ్లుండాలి, లేకపోతే జనం విసిగిపోతారని. 39 ఎపిసోడ్లను వారానికి అయిదు చొప్పున వేస్తే ఎనిమిది వారాల్లో అయిపోతాయి. అంటే ఒకే ఎపిసోడ్ ఏడాదికి ఆరుసార్లు. నియమం ప్రకారం ఇది ఓడిపోవాలి. న్యూయార్క్‌లో దానికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. ఒక తరం ఈ 39నీ కంఠతా పట్టింది. మనవైపు ఒకే నాటకంలోని పద్యాలను ఊరంతా వల్లె వేసినట్టే. తర్వాతి మాట ఏమిటో తెలిసినవాడు కథ కోసం చూడడు, కార్నీ కలం పట్టుకోబోయే ముందు చేతులు ఎన్నిసార్లు విదిలిస్తాడో చూస్తాడు. 1982లో లాంగ్ ఐలండ్‌లో పుట్టిన అభిమాన సంఘం పేరులోని మొదటి అక్షరాలు కలిపితే రాల్ఫ్ అని వస్తుంది. 2002లో టీవీ గైడ్ పత్రిక వేసిన అత్యుత్తమ కార్యక్రమాల జాబితాలో ఇది మూడో స్థానంలో నిలిచింది.

ఆ పునఃప్రసారాల డబ్బు నటులకు చేరిందా? నలుగురిలో ఆడ్రీ మెడోస్‌కు ఒక్కరికే చేరింది. ఒప్పందం మీద సంతకం చేసేముందు, లాయరైన ఆమె అన్న మళ్లీ ప్రసారం చేస్తే మళ్లీ డబ్బివ్వాలన్న వాక్యం ఒకటి చేర్పించారు. 1955లో అది ఎవరికీ పెద్ద షరతులా కనిపించలేదు. కార్నీ, రాండాల్ఫ్ ఒప్పందాల్లో అలాంటి వాక్యం లేదు.

చంద్రమండలం మాట

ఇప్పుడు ఈ ధారావాహికను చూసేవాళ్లు తప్పక ఆగే చోటు ఒకటుంది. రాల్ఫ్ కోపమొచ్చినప్పుడల్లా పిడికిలి ఎత్తి, ఏదో ఒకరోజు ఒక్క గుద్దుతో నిన్ను చంద్రమండలానికి పంపిస్తానని ఆలిస్‌ను బెదిరిస్తాడు. అదే జనం నోళ్లలో పడ్డ మాట కూడా. 39 ఎపిసోడ్లలో ఒక్కసారి కూడా కొట్టడు. ఆలిస్ భయపడదు, చేతులు కట్టుకుని నిలబడి ఒక్క మాటతో అతని నోరు మూయిస్తుంది. ప్రేక్షకులు నవ్వేది ఆ మాటకే. ప్రతిసారీ ఓడేది రాల్ఫే, చివర్లో తప్పు ఒప్పుకుని భార్యను దగ్గరికి తీసుకునేది అతనే.

రచన ఉద్దేశం తెలుస్తూనే ఉంది. బయట ఏ అధికారమూ లేని మనిషి ఇంట్లో అరిచి అది ఉందనుకుంటాడు, ఆ గదిలో ఎవరూ దాన్ని ఒప్పుకోరు. అయినా బెదిరింపు బెదిరింపే. నిజంగా దెబ్బలు తిన్న ఆడవాళ్లున్న ఇళ్లలో కూడా ఆ టీవీ మోగింది, అక్కడ ఆ నవ్వు ఎలా వినిపించి ఉంటుందన్న ప్రశ్నను కాలం తీసుకొచ్చే మార్పు అని పక్కన పెట్టలేం. 2005లో నల్లజాతి నటులతో ఇదే పేరుతో సినిమా తీసినప్పుడు, ఈ బెదిరింపును ప్రేమగా మార్చి వాడుకోవాల్సి వచ్చింది. అసలు ధారావాహికను మెచ్చుకోవడానికి ఈ అంశాన్ని దాచనక్కర్లేదు. ఆలిస్ పాత్ర గొప్పతనం ఆమె ఎదురుగా ఉన్న ఆ పిడికిలి లేకుండా అర్థం కాదు.

పొట్టివన్నీ ఒకటి కాదు

దంపతుల మీద వచ్చి త్వరగా ముగిసిన హాస్య ధారావాహికలు చాలా ఉన్నాయి, కానీ ముగిసిన తీరును బట్టి వాటి గతి మారుతుంది. బ్రిటన్‌లో ‘ఫాల్టీ టవర్స్’ హోటల్ నడిపే ఒక దంపతుల కథ. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లు. రాసినవాళ్లే చాలనుకున్నారు. బీబీసీ దాన్ని పదేపదే వేసింది, అది నిలిచింది.

ఎన్‌బీసీ 2011 జనవరిలో మొదలుపెట్టిన ‘పర్ఫెక్ట్ కపుల్స్’ మూడు జంటల కథ. 13 తీశారు, 11 వేసి ఆపేశారు. దాన్ని మళ్లీ మళ్లీ వేసే స్టేషన్ లేదు. 13 ఎపిసోడ్ల ధారావాహికను ఏ స్థానిక ఛానలూ కొనదు. జంటలు ఇంకా పాత్రలుగా స్థిరపడకముందే ముగిసింది. క్రామ్‌డెన్ జంట సొంత ధారావాహికగా మారేనాటికి వాళ్లకు నాలుగేళ్ల నాటికల సాధన ఉంది. ప్రేక్షకులకు వాళ్ల గుమ్మం, గొంతు, కోపం అన్నీ తెలుసు. కొత్త ధారావాహికకు మొదటి పది వారాలు పరిచయానికే సరిపోతాయి. ఈ తేడాను తీసేసి రెండింటినీ ఒకే సీజన్ ధారావాహికలు అని ఒక వరసలో పెడితే అసలు విషయం తప్పిపోతుంది.

తెలుగువాళ్లకు దీనికి దగ్గరి పోలిక ‘అమృతం’. 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో వచ్చింది. రెండు జంటలు, తేలిగ్గా డబ్బు సంపాదించాలని భర్తలు వేసే ఎత్తులు, వాళ్లకంటే లోకం తెలిసిన భార్యలు. అది 300 ఎపిసోడ్లు దాటింది కాబట్టి పొట్టిది కాదు. కానీ టీవీలో ముగిశాక యూట్యూబ్‌లో దొరకడం వల్ల, మొదటిసారి ప్రసారమైనప్పుడు పుట్టనివాళ్లు కూడా అందులోని మాటలు అప్పజెబుతున్నారు. ఛానల్ 11 న్యూయార్క్‌లో చేసిన పనినే ఇక్కడ యూట్యూబ్ చేసింది.

పాత్రలు మరోలా బతికిన దారి కూడా ఉంది. 1960లో వచ్చిన కార్టూన్ ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ రాతియుగంలో రెండు జంటలను పెట్టింది. లావుపాటి కోపిష్టి భర్త, తెలివైన భార్య, పక్కింటి స్నేహితుడు, పెద్ద పథకాలు. దాని సృష్టికర్తల్లో ఒకరైన విలియం హన్నా ఈ ప్రభావాన్ని ఒప్పుకున్నారు. చంద్రమండలం మాట ఎప్పుడూ వినని దేశాల పిల్లలు కూడా ఆ విధంగా రాల్ఫ్, నార్టన్‌లను వేరే పేర్లతో చూశారు.

ఖజానాలోని రీళ్లు

1985లో గ్లీసన్ ఒక ప్రకటన చేశారు. 1952 నుంచి 1957 దాకా లైవ్‌లో వచ్చిన నాటికల కినెస్కోపులను తాను దాచి ఉంచానని. మసక బొమ్మలే, అయినా పోయాయనుకున్నవి. షోటైమ్ అనే కేబుల్ ఛానల్ వాటిని ‘లాస్ట్ ఎపిసోడ్స్’ పేరుతో ప్రసారం చేసింది. వాటిని చూశాక ‘క్లాసిక్ 39’ గాల్లోంచి ఊడిపడలేదని తేలింది. క్విజ్ షో, పథకాలు, అలకలు అన్నీ ముందే నాటికల్లో ఒకటికి రెండుసార్లు పరీక్షకు వచ్చినవే. కొన్ని నాటికలు చాలా బాగున్నాయి, కొన్ని తొందరలో చుట్టేసినట్టున్నాయి. లైవ్‌లో వారం వారం రాస్తే అలాగే ఉంటుంది.

ఈ విడుదలతో మరో మార్పు జరిగింది. 39 ఎపిసోడ్లు ముప్పై ఏళ్లు తిరిగినా పునఃప్రసారాల నుంచి ఏమీ అందని జాయిస్ రాండాల్ఫ్‌కు, ఆ పాత నాటికలు బయటికొచ్చాక రాయల్టీ రావడం మొదలైంది. అప్పటికి ఆమె వయసు అరవై దాటింది.